అక్క వెనక నేను పట్టిన పట్లు

మా పెద్దనాయనకు ఫుట్‌బాల్ తెలియదు. ఈ మాట ఆయన ముఖం మీద అనే దమ్ము మా వీధిలో ఎవరికీ లేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. ఆయనకు తెలిసింది చెడుగుడు. అరవదేశంలోని మా సూలూరు చుట్టుపక్కల ఇన్ని మరమగ్గాల షెడ్లు లేని రోజుల్లో, మా తెలుగువాళ్ళ వీధి జట్టు పేరు చెబితే కూతకు వచ్చేవాడి కాళ్ళు వణికేవట. మా వాళ్ళకు కూతకు వెళ్ళేవాడంటే పెద్ద గౌరవం లేదు. వచ్చినవాణ్ణి నడుము దగ్గరో చీలమండ దగ్గరో ఒడిసిపట్టి మట్టి కరిపించేవాడే మొనగాడు. దాన్ని పట్టు అనేవారు. ఒక్కో పట్టుకూ గీత అవతల కూర్చున్నవాళ్ళంతా గొంతెత్తి తెలుగులో లెక్కపెట్టేవారు. ఎదుటి జట్టు అరవవాళ్ళు. వాళ్ళకు ఆ లెక్క అర్థమయ్యేది కాదు, కాకపోవడంలోనే మా వాళ్ళకు సంబరం. మారియమ్మ పండుగనాడు ఆ ఏడాది ఎక్కువ పట్లు పట్టినవాడి మెడలో ఎర్ర తువ్వాలు వేసి వీధంతా తిప్పేవారు.

చెడుగుడు పోయింది. ఆడినవాళ్ళ మోకాళ్ళూ పోయాయి. ఈ లెక్క పిచ్చి మాత్రం పోలేదు. సర్కారు బడి పి.టి. మాస్టరు ఆడపిల్లలతో ఫుట్‌బాల్ జట్టు కట్టాడు. అందులో సగంమంది మా వీధి పిల్లలే అయ్యేసరికి పెద్దనాయన తన ముసలి మూకను వెంటేసుకుని గ్రౌండు అంచున చేరాడు. గోల్ వేయడం ఆయన కంటికి ఆనలేదు. పాస్‌లు ఇచ్చుకోవడం చూసి ఆవలించాడు. ఎవరో పిల్ల జారుతూ పోయి ఎదుటిదాని కాళ్ళ కింది నుంచి బంతి లాక్కున్నప్పుడు మాత్రం లేచి నిలబడ్డాడు. దాన్ని ట్యాకిల్ అంటారని మాస్టరు చెబితే, "అదేంది సార్, మా పట్టే కదా అది!" అన్నాడు. ఆ రోజు నుంచి మా జట్టు ఎక్కడ ఆడినా గ్రౌండు పక్క నుంచి లెక్క మొదలు. "ఒకటీ... రెండూ..."

ఆ లెక్క ఎక్కువగా నాదే. నేను స్టాపర్ని. అంటే గోల్‌కీపర్‌కు ముందు నిలబడే చివరి మనిషిని. అక్క నా ముందు ఆడే హాఫ్. ఎదుటివాళ్ళ బంతి నా దాకా రాకుండా మధ్యలోనే దారి కాయడం ఆమె పని. అక్క మంచి ఫామ్‌లో ఉన్న రోజుల్లో ఆ దారి కాయడం చూడాలి! పరుగెత్తినట్టే ఉండదు, ఎప్పుడూ బంతి వెళ్ళాల్సిన చోట ముందే ఉంటుంది. ఆమెను చూసి ఎదుటివాళ్ళు బంతిని పక్కకో వెనక్కో తన్నుకునేవారు. పక్కకు తన్నించిన బంతికి మా వాళ్ళ దగ్గర లెక్క లేదు. అందుకే మా వీధిలో అక్కకు పేరు లేదు, తువ్వాలూ లేదు. "పెద్దది సుమ్మా, ఊరికే నిలబడుకోనుంటాది, చిన్నది పులి" అనేవాడు పెద్దనాయన. అక్క నవ్వి ఊరుకునేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

చెడుగుడులో ఎదుటివాడు రావడం ఆట నియమం. వాడు వచ్చి తీరాలి, నువ్వు పట్టి తీరాలి. ఎన్ని పట్లు పడితే అంత గొప్ప. ఫుట్‌బాల్‌లో వాళ్ళు నీ దాకా రావాలని ఎక్కడా లేదు. స్టాపర్ అదే పనిగా నేలమీద పడి బంతి లాక్కోవాల్సి వస్తోందంటే దాని ముందున్న గోడ కూలిందన్నమాట. ఇంట్లోకి దూరిన దొంగను పట్టుకున్నావని ఊరంతా భుజం తడుతుంది. రోజూ దొంగలెందుకు దూరుతున్నారే, మీ ఇంటికి తలుపు లేదా, అని అడిగేవాడు ఒక్కడూ ఉండడు. ఈ సంగతి నాకు మాస్టరు చెప్పలేదు. ఒక ఏడాది ఆటలో నా తొడల మీద చర్మం పోయి తెలిసింది.

ఆ ఏడాదికి ముందు ఒక మాట చెప్పాలి. నాయన చెయ్యి మగ్గంలో నలిగాక ఇంట్లో ఒకరు పనికి పోవాల్సి వచ్చింది. అక్క ప్లస్ టూ ముగించి నూలు మిల్లులో చేరింది. నేను కాలేజీకి పోయాను. బడి దాటినా మాస్టరు మా జట్టును చెదరనివ్వలేదు. దూదిని విడగొట్టే మిషన్ల దగ్గర అక్కకు పని. సాయంత్రం ఇంటికొస్తే రెప్పల మీద, ముక్కు కింద తెల్లటి నూగు. అమ్మ వాకిట్లోనే చీపురుతో దాని వీపు దులిపి లోపలికి రానిచ్చేది. స్నానం చేసి, గుడ్డ మార్చుకుని, అటునుంచి అటే ప్రాక్టీసుకు వచ్చేది. ఆ మిల్లు నుంచి బయటపడటానికి దానికి ఒక్కటే దారి ఉండింది. ఒక సర్కారు శాఖ ఆడవాళ్ళ జట్టుకు ఆటగాళ్ళను ఉద్యోగమిచ్చి తీసుకుంటుంది. ఆ ఏడు డిఫెన్సుకు ఒక్కరే కావాలన్నారు. లీగ్ అయ్యాక మదురైలో ఎంపిక మ్యాచ్. అక్కకు అదే చివరి అవకాశం, మరుసటేటికి వయసు దాటిపోతుంది. నాకింకా ఏళ్ళున్నాయి. ఆ సీటు అక్కదేనని నేనూ అమ్మా మాస్టరూ ఎవరికి వాళ్ళం అనేసుకున్నాం.

లీగ్ మొదలైంది. మొదటి ఆట నుంచే నా పట్లు పెరిగాయి. ఆట ఆటకూ పెరిగాయి. మా వీధి వాట్సాప్ గ్రూపులో నేను పడటం, జారటం, లేవటం ముక్కలు ముక్కలుగా వీడియోలు చేసి, వెనక మేళం వాయిద్యం పెట్టి తిప్పారు. పాలు పోసే అతను కూడా "ఏం పాపా, నిన్న నీ ఆట సూస్తిమే!" అన్నాడు. పెద్దనాయన ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది. నాకు మాత్రం ఏదో తేడాగా ఉంది. ఇదివరకు నా దగ్గరికి అలిసిపోయి, దారి తప్పి వచ్చే పిల్లలు ఇప్పుడు తల ఎత్తుకుని నేరుగా వస్తున్నారు. మధ్యలో ఎవరూ అడ్డు తగలనట్టు వస్తున్నారు. ఒక ఆటలో ఓర్చుకోలేక అక్క మీద అరిచాను, "యాడ సచ్చినావక్కా? నేనొక్కదాన్ని ఎంతమందిని పట్టేది!" అక్క నా వైపు తిరగను కూడా లేదు.

ఉడుమలైపేటలో ఆట. గ్రౌండు చుట్టూ కొబ్బరి తోపులు, ఒక పక్కన పీచు తీసిన డొక్కల గుట్ట. సగం ఆట అయ్యాక అందరం నీళ్ళ దగ్గర చేరాం, అక్క కనిపించలేదు. వెతుక్కుంటూ పోతే ఆ గుట్ట వెనక ఉంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, తల వేలాడేసి గాలి కోసం తన్నుకుంటోంది. లోపలికి పీల్చినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. నేను వీపు మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి లేచింది.

"ఏమైందక్కా?"

"ఏం లేదు పాపా. దూది. పోయి నెంజులో కూచునింది." ఎద మీద అరచేత్తో రుద్దుకుంది. "లీవు దినాల్లో బాగుంటాది. మిల్లుకి పోయిన దినం ఇట్ల పట్టుకుంటాది."

"ఎన్నాళ్ళుగా?"

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎవురికీ చెప్పబాక. మాస్టరుకి తెలిస్తే కూచోబెడతారు. నేను మదురైకి పోవల్ల. ఆ పని వస్తే మిల్లు వదిలేస్తాను, వదిలేస్తే ఇది పోతాది. అంతేనే. అంతవరకు ఏమైనా సరే, కండిప్పా చెప్పబాక."

ఉద్యోగం రావాలంటే ఊపిరి కావాలి, ఊపిరి రావాలంటే ఆ ఉద్యోగం రావాలి. ఇదెక్కడి చిక్కు తల్లీ అనుకున్నాను. ఏడవడానికి తీరిక లేదు, విజిల్ వేశారు. లోపలికి వెళ్తూ, "నువ్వు నడిస్తే చాలు, పరిగెత్తబాక. నేను చూసుకుంటాను" అన్నాను.

చూసుకున్నాను. అక్క చోటుకూ నా చోటుకూ మధ్య నేనే పరుగెత్తాను. అక్కకు అందని బంతికి నేనే ముందుకు ఉరికాను, నన్ను దాటుకుని పోతే వెనక్కి తిరిగి మళ్ళీ పడ్డాను. రాళ్ళ నేల. తొడ మీద మానుతున్న చోటే మళ్ళీ గీసుకుపోయేది. రాత్రి అమ్మ పసుపు, కొబ్బరినూనె కలిపి రాస్తూ, "ఇదేం ఆట తల్లీ, ఆడపిల్ల కాలు ఇట్లనా పెట్టుకోవల్ల" అని గొణిగేది. పక్క మంచం మీద అక్క గోడవైపు తిరిగి పడుకునేది. మా మధ్య మింగలేని కక్కలేని మాట ఒకటి కూర్చుని ఉండేది.

పెద్దనాయన లెక్క ఆకాశానికెక్కింది. మాస్టరుకు అనుమానం మొదలైంది. ఆయన పాత మిల్లు జట్టు ఆటగాడు, ఆట తెలిసినవాడు. ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక నన్ను ఆపి అరవంలో అడిగాడు, "నీకింత పని ఎందుకు పడుతోంది? ముందర ఎవరు వదిలేస్తున్నారు?"

"ఎవరూ వదల్లేదు సార్. నాకే ఆత్రం ఎక్కువ. ఆగలేక ముందుకు పోతున్నాను."

నమ్మాడో లేదో గాని చెడామడా తిట్టాడు. నీది మెదడా, మోకాలా? స్టాపర్ అంటే కుక్కలాగా వచ్చిన ప్రతి బండి వెనకా పరుగెత్తడమా? తలొంచుకుని పడ్డాను. ఆ తిట్లు నాకు పాయసంలా ఉన్నాయి. నన్ను తిట్టినంతసేపూ ఆయన అక్క వైపు చూడడు.

అట్లా పరుగెత్తి పరుగెత్తి ఒక రోజు నాకే బుద్ధి వచ్చింది. అక్క దగ్గర లేనిది ఊపిరి. ఆట ఎక్కడికీ పోలేదు. అది నడిచినా ఎక్కడ నిలబడాలో దానికి తెలుసు. ఆ సాయంత్రం మేడమీద గుడ్డలు తీస్తూ ఇద్దరం బట్టల క్లిప్పులు పరిచి చూసుకున్నాం. జట్టు మొత్తం పది అడుగులు వెనక్కి జరిగి, ఒకరికొకరు దగ్గరగా నిలబడితే అక్క పరుగెత్తాల్సిన జాగా సగమవుతుంది. అది నిలబడి వేలు చూపిస్తుంది, మిగతా పిల్లలు పరుగెత్తుతారు. మాస్టరుతో ఇది నా ఆత్రానికి మందు అని చెప్పి ఒప్పించాను.

మేట్టుపాళయం జట్టుతో ఆట అలా ఆడాం. నా జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ ఆడలేదు. అక్క మధ్యలో నిలబడి "ఎడం పక్కకు పో! నువ్వు ఆగు! దాన్ని వదిలెయ్!" అంటూ చెయ్యి ఊపుతూనే ఉంది. ఎదుటివాళ్ళు వచ్చారు, దారి లేదు, పక్కకు ఆడారు, అక్కడా లేదు, విసుగుపుట్టి దూరం నుంచి తన్ని బంతి పారేసుకున్నారు. నా బట్టలకు మట్టి అంటలేదు. మేం రెండు గోల్స్‌తో గెలిచాం. మాస్టరు అక్క భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి పడినప్పుడు అక్క ముఖం వెలిగింది. దేవుడా, ఇది చాలు, మదురైలో ఇట్లా ఒక్క ఆట చాలు, అని నేను ఆ గ్రౌండులోనే మొక్కుకున్నాను.

మా వీధివాళ్ళు మాత్రం మూతులు ముడుచుకుని కూర్చున్నారు. వాళ్ళకు లెక్కపెట్టడానికి ఏమీ దొరకలేదు. పెద్దనాయన తుండు దులుపుకుంటూ లేచి, "ఈ పొద్దు ఆటాడినావా, నిద్రపోయినావా సామీ? ఒక పట్టన్నా లేదే! పావం, ఇంత దూరం బస్సెక్కి వస్తిమి" అన్నాడు.

"గెలిచినాం కదా పెద్దనాయనా!"

"గెలిస్తే? అవుతలోళ్ళు ఆట రాని సోదాగాళ్ళు, అంతే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయనకు చెడుగుడుకూ దీనికీ తేడా అక్కడే కూర్చుని చెప్పాను. పట్టు లేకపోవడమే గట్టిదనం అన్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. అంతా విని, "మదురైలో మాత్రం మన పరువు తీయబాక, నాలుగు పట్టి సూపించు" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

మదురైకి మా వీధి మొత్తం వ్యాను కట్టించుకుని వచ్చింది. పులిహోర పొట్లాలు, నీళ్ళ క్యాన్లు, పెద్దనాయన మూక. అక్కకు ఆ వారం మిల్లులో సెలవు ఇవ్వలేదు. పెద్ద ఆర్డరు, ఎవరికీ సెలవు లేదన్నారు. ముందు రోజు దాకా దూదిలో నిలబడి వచ్చింది. వ్యానులో కిటికీ పక్కన కూర్చోబెట్టి తల బయటికి పెట్టమన్నాను. "గాలి తాగు అక్కా" అంటే నవ్వింది, ఆ నవ్వులోనే దగ్గింది.

మొదటి సగం బాగానే గడిచింది. అక్క నిలబడింది, వేలు చూపించింది, పిల్లలు పరుగెత్తారు. స్టాండులో తెల్ల టోపీ పెట్టుకుని ఆ శాఖ జట్టు మేడమ్ కూర్చుంది. ఎంపిక ఆమె చేతిలో. ఆమె ఒకటి రెండుసార్లు అక్క వైపు వేలు చూపించి పక్కన ఉన్నాయనతో ఏదో అనడం నేను కళ్ళారా చూశాను. మేమో గోల్ కూడా వేశాం.

రెండో సగంలో ఎదుటివాళ్ళు ఒక కొత్త పిల్లను దింపారు. అది పిల్ల కాదు, గాలి. మధ్యలోంచి ఒకసారి పోయింది, అక్క అడ్డుపడింది. మళ్ళీ వచ్చింది, అక్క ఒక అడుగు ఆలస్యమైంది, నేను పడి బంతి లాక్కున్నాను. పక్క నుంచి "ఒకటీ!" అని కేక. అంతే, ఎదుటి జట్టుకు దారి తెలిసిపోయింది. ప్రతి బంతీ అక్క మీదుగానే. అక్క నాలుగడుగులు పరుగెత్తి ఆగిపోతోంది. చేతులు మోకాళ్ళ మీదికి పోతున్నాయి, నన్ను చూసి మళ్ళీ లేపుతోంది. నేను పడ్డాను, లేచాను, పడ్డాను. కుడివైపు పడ్డాను, లేచి తుడుచుకునేలోగా ఎడమవైపు పడ్డాను. "మూడూ! నాలుగూ!" మా వాళ్ళకు పూనకం వచ్చింది. మదురైలోనూ మా భాష మాట్లాడేవాళ్ళు ఉన్నారు కదా, మా లెక్క విని స్టాండులో అక్కడక్కడా ఎవరెవరో ఆడవాళ్ళు, ముసలివాళ్ళు "అయ్యో, మనోళ్ళే!" అని లేచి వాళ్ళూ కలిశారు. గ్రౌండు మొత్తం తెలుగులో నా పట్లు లెక్కపెడుతోంది. పెద్దనాయనకు ఆయన జన్మ తరించినట్టుంది.

నాకు ఆ ఒక్కో అంకె అక్క మీద వేస్తున్న రాయిలా తగిలింది. ఆరు అంటే ఆరుసార్లు అక్కకు అందలేదని. ఏడు అంటే ఏడుసార్లు. ఇంత గట్టిగా అరిచి చెప్పాలా? ఆ మేడమ్‌కు చెవులు లేవా? బంతి బయటికి పోయినప్పుడు గీత దగ్గరికి పరుగెత్తి చేతులు జోడించాను. "పెద్దనాయనా, లెక్క ఆపండి! మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆపండి!"

నేను మొహమాటపడి అడుగుతున్నాననుకున్నాడు. రెండు చేతులూ పైకెత్తి, "ఆపేదేంది సామీ! ఈ పొద్దు ఆపేదే లేదు!" అని అంకెను ఇంకా గట్టిగా అందుకున్నాడు.

గెలిచాం. ఆ ఒక్క గోల్‌తోనే గెలిచాం. ఆట ముగిసేసరికి నా కుడి తొడ మీద నిక్కరు గుడ్డ అతుక్కుపోయి ఉంది. నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. పైనుంచి చూస్తే అక్క గోల్ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

కాసేపటికి పిలిచారు. నన్ను. ఒక్కదాన్నే.

నేను ఆ మేడమ్ ముందు నిలబడి, ఆమె నోరు తెరవకముందే మొదలుపెట్టాను. "నాకొద్దు మేడమ్. మా అక్కను తీసుకోండి. నేను వచ్చే ఏడు వస్తాను. ఈ ఆటంతా మా అక్కదే. నేను సుమ్మా పడ్డానంతే."

ఆమె టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. కోపంగా ఏం లేదు. "మీ వాళ్ళు అరుస్తుంటే నేను నీ వైపు చూడలేదమ్మా" అంది. "స్టాపర్ అన్నిసార్లు పడుతుంటే నేను దాని ముందు ఎవరున్నారా అని చూస్తాను. ఆ ఆరో నెంబరు అమ్మాయి నీ అక్కేనా?"

తలాడించాను.

"మొదటి సగంలో ఆమెనే అనుకున్నాను. అంత బాగా నిలబడేవాళ్ళు ఎక్కడో గాని దొరకరు. తర్వాత ఏమైంది? ఒంట్లో బాగాలేదా?"

"బాగుంది మేడమ్. బాగానే ఉంది."

"బాగుంటే మరి కావాలనే పరుగెత్తలేదా? సోమరితనమా?"

బాగాలేదంటే ఆ సీటు పోతుంది. బాగుందంటే అక్క పరువు పోతుంది. రెండు వైపులా గొయ్యి. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, గొంతు పెరిగిపోయింది. "మా అక్క సోమరి కాదు! మిల్లు నుంచి నేరుగా వచ్చి ఆడుతుంది మా అక్క! నిన్నటిదాకా దూదిలో నిలబడి..." అక్కడ ఆగాను. ఆగేలోపే చెప్పకూడనిదంతా చెప్పేశాను.

ఆమె టోపీ మళ్ళీ పెట్టుకుంది. "చేరేముందు ఊపిరితిత్తుల పరీక్ష ఉంటుందమ్మా" అంది. "నేను రాసిచ్చినా అక్కడ ఆగిపోతుంది. ముందు డాక్టరుకు చూపించండి. ఈ సీటుకు నీ పేరే రాస్తున్నాను."

ఏ బంతిని పట్టి అక్కను దాచిపెడుతున్నాననుకున్నానో, ఆ బంతే పోయి ఆమెకు అక్కను చూపించింది. ఇంకా గట్టిగా దాచాలని ఇంకా పడ్డాను, పడినకొద్దీ ఇంకా చూపించాను. నేను పడకుండా ఉంటే వాళ్ళ గోల్స్ పడేవి, ఓడిపోయేవాళ్ళం, అప్పుడు ఇద్దరికీ లేదు. ఎటు తిప్పి చూసినా అక్కకు దారి లేదు. ఇప్పటికీ తిప్పి చూస్తూనే ఉన్నాను.

తిరుగు ప్రయాణంలో వ్యానంతా పాటలు. అక్క ముందు సీటులో డ్రైవరు పక్కన కూర్చుంది, ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. ఇల్లు చేరాక నేను ఉద్యోగంలో చేరనని మొండికేశాను. అక్క అప్పటిదాకా దాచుకున్న కోపమంతా నామీద కుమ్మరించింది. "నువ్వు పోకుంటే అది నాకిస్తారా? చెప్పు! ఇస్తారా? సుమ్మా ఇద్దరం మిల్లులో కూచుని దగ్గుకుందామా?" చేతిలో ఉన్న ప్లేటు నేలకేసి కొట్టింది. "నన్ను కాపాడమని ఎవరడిగినారే నిన్ను?" ఆ మాట అనేసరికే దానికి ఆయాసం వచ్చింది, గోడ పట్టుకుంది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిల్చేసింది. అమ్మకు అప్పుడు తెలిసింది. అమ్మ గడప మీద కూలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

డాక్టరు ఏం చెప్పాడో మీరే ఊహించుకోగలరు. మందు పీల్చే గొట్టం ఒకటి ఇచ్చి, దూదికి దూరంగా ఉండమన్నాడు. దూదికి దూరంగా ఉండి ఏం చేయాలో చెప్పలేదు. అక్క చోటు మార్చమని అడిగితే మిల్లువాళ్ళు నూలు కండెలు సర్దే చోటికి మార్చారు. అక్కడా అదే గాలి. నా కొత్త జీతంలో మొదట్లో ఇంటికి పంపింది నాయన చేతి మందులకూ అప్పులకే సరిపోయింది. అక్క ఆ మిల్లులోనే ఉంది. ఇది రాస్తున్న నాటికీ ఉంది.

నేను చేరాను. తెలుగు రాయడం ఇక్కడే, హాస్టలు గదిలో తోటి అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. బడిలో మాకు అరవమే. కొత్త జట్టులో నా మొదటి ఆట అయ్యాక ఇంటికి ఫోను చేశాను. పెద్దనాయనే తీశాడు. ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

"ఎన్ని పట్టినావు సామీ?"

"ఒకటి పెద్దనాయనా."

"ఒకటా!" ఆయన గొంతులో పిడుగు పడింది. "ఆ ఊరి తిండి పడలేదా ఏంది?" అని గొణుగుతూ ఫోను అక్కకిచ్చేశాడు. అప్పుడే షిఫ్టు నుంచి వచ్చినట్టుంది. ముందు దాని ఊపిరి వినిపించింది, తర్వాత మాట.

"ఒకటేనా పాపా?"

"ఒకటే అక్కా."

అది నవ్వింది. మా వీధిలో ఆ అంకెకు అర్థం తెలిసిన మనిషి అదొక్కతే. "అయితే నీ ముందర ఆడేది మంచి పిల్లే" అంది. ఆ చిన్న మాటలో రెండుచోట్ల ఆగింది. మళ్ళీ తనే అడిగింది.

"దానికి ఊపిరి బాగుండాదా?"

"బాగుండాదక్కా" అన్నాను.